ఊరి డాంబర్ రోడ్డు ఖరాబైతున్నది: ఎవరికి, ఏమని రాసిస్తే పని కదులుతది?

చెల్క_పత్తి (నర్సంపేట దిక్కు)

అందరికీ నమస్తే. మెయిన్ రోడ్డు నుంచి మా ఊరి మీదుగా అవతలి ఊరి దాకా 6.4 కిలోమీటర్ల సింగిల్ రోడ్డు. ఊరి బయట డాంబర్, ఊరి నడుమ సీసీ (సిమెంటు కాంక్రీటు). ఇప్పటి పరిస్థితి ఇది:

మెయిన్ రోడ్డు కాడి నుంచి మొదటి 600 మీటర్లు బాగనే ఉంది. 1.1 కిలోమీటరు దగ్గర చెరువు మత్తడి (అలుగు) దుంకితే నీళ్లు రోడ్డు మీదుగా పోతయి. అక్కడ 40 మీటర్ల మేర డాంబర్ లేచిపోయి కంకర తేలింది. అది దాటినంక రెండు దిక్కులా అంచులు తెగుతున్నయి, బస్సొస్తే బండి దిగాల్సిందే, దిగితే జానెడు లోతు. ఊర్లకొచ్చినంక సీసీ మధ్యల నల్లా పైపు కోసం తవ్విన కాలువ కుంగింది. అది గాక రెండు గల్లీల్లో సీసీ అడ్డంగా పగిలింది.

పంచాయతీల అడిగితే ఆ రోడ్డు మాది కాదంటరు. ఇంజినీరింగ్ ఆఫీసుల నిధుల్లేవంటరు. అసలు ఎవరిది? కాంట్రాక్టర్‌తోని చేయించే వీలుందా? వానలు పోయేదాకా ఆగాల్నా?

---

ఎంబీ_చైనేజీ

పంచాయతీవాళ్లు చెప్పింది సగం నిజం. మీరు రాసినవి నాలుగు సమస్యలు, వాటికి బాధ్యులు ముగ్గురు. అన్నీ కలిపి ఒకే అర్జీలో పెడితే ప్రతి ఆఫీసూ తనది కాని భాగం చూపించి ఫైలును పక్క ఆఫీసుకు తోస్తుంది. ముందు ఏ ముక్క ఎవరిదో తేల్చుకోండి.

ఊర్లోని గల్లీలు, వాటి సీసీలు, మోరీలు గ్రామ పంచాయతీవి. ఊరికీ ఊరికీ నడుమ రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖవి. మండల కేంద్రాలను, జిల్లా కేంద్రాన్ని కలిపే పెద్ద రోడ్లు రోడ్లు, భవనాల శాఖవి (ఆర్ అండ్ బీ). హన్మకొండ మీదుగా పోయే 163, 563 లాంటివి జాతీయ రహదారులు, వాటి లెక్క వేరు.

కిలోమీటరు రాయి మిగిలి ఉంటే దాని తల రంగు చూడండి. పసుపు జాతీయ రహదారి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారి, నారింజ రంగు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. నారింజ ఉంటే మీ పంట పండినట్టే. ఆ పథకంలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే పని పూర్తయిన నాటి నుంచి 5 ఏళ్లు నిర్వహణ చూడాలని అగ్రిమెంటులోనే ఉంటుంది, ఏ ఏడాదికి ఎంత నిర్వహణ సొమ్మో కూడా రాసి ఉంటుంది. రోడ్డు మొదట్లో ఉండే బోర్డు మీద రోడ్డు పేరు, పొడవు, కాంట్రాక్టర్, పూర్తయిన తేదీ చూడొచ్చు. ఆ 5 ఏళ్లలోపు "నిధుల్లేవు" అనే జవాబు చెల్లదు.

రికార్డులో రోడ్డు పేరు మీ ఊరి వాడుకలో ఉన్నట్టు ఉండదు. "ఆర్ అండ్ బీ రోడ్డు నుంచి ఫలానా ఊరు వయా ఫలానా" అని ఉంటుంది. ఆ పేరు, ఉంటే రోడ్డు నంబరు అర్జీలో రాయండి. "మా ఊరి రోడ్డు" అని రాస్తే మండలంలో అటువంటివి ముప్పై ఉంటాయి.

ఊరి నడుమ సీసీ గురించి ఒక మెలిక. గ్రామ సడక్ రోడ్డు ఊరి గుండా పోతే ఊర్లో భాగాన్ని సీసీతో వేస్తారు. అది పంచాయతీ సీసీ కాదు, అదే రోడ్డులో భాగం. బోర్డు మీద పొడవు 6.4 కిలోమీటర్లు అని ఉంటే మీ నడి ఊరి సీసీ అందులో కలిసే ఉంటుంది. గల్లీలు మాత్రం పంచాయతీవే.

---

మొరం_కంకర

ఎవరిదన్నది పైన చెప్పారు. నేను ఎందుకు చెడిందో రాస్తాను. కారణం రాయని అర్జీకి గుంత పూడ్చి పోతారు, వచ్చే వానకు మళ్లీ అదే గుంత.

అంచులు తెగడం: పల్లె సింగిల్ రోడ్డు 3.75 మీటర్లు, రద్దీ తక్కువ ఉంటే 3 మీటర్లు కూడా ఉంటుంది. పక్కన మొరం బర్మ్ (డాంబర్ అంచును ఆనుకుని ఉండే మట్టి పట్టీ) రోడ్డుతో సమానంగా ఉండి బయటికి వాలుగా ఉండాలి. వానకు మొరం కొట్టుకుపోతే డాంబర్ అంచుకు ఆసరా ఉండదు, ఎదురుబండికి తప్పుకున్న ప్రతి ట్రాక్టరు చక్రం అంచును విరుస్తుంది. ఇక్కడ డాంబర్ వేయడం రెండో పని, ముందు బర్మ్ నింపాలి. రోడ్డు పక్క 1 మీటరు వెడల్పున, అంచు దగ్గర 20 సెంటీమీటర్ల లోతు నుంచి బయటికి సున్నా దాకా నింపాలనుకుందాం. 100 మీటర్ల పొడవుకు ఒక పక్కన 10 ఘనమీటర్లు, రెండు పక్కలా 20. రోలర్ తొక్కితే అణుగుతుంది కాబట్టి వదులు మొరం 25 ఘనమీటర్లు తెప్పించాలి. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు 3 ఘనమీటర్లు, అంటే ఎనిమిది తొమ్మిది ట్రిప్పులు. నీళ్లు కొట్టి రోలర్ తిప్పకుండా కుప్పలు పోసి చదును చేసిపోతే రెండు వానలకు మొత్తం పొలంలో ఉంటుంది.

దీనికి వ్యతిరేకం కూడా చూస్తాం. బర్మ్ మీద గడ్డి, మట్టి పేరుకుని రోడ్డు కంటే ఎత్తయితే నీళ్లు దిగే దారి లేక రోడ్డు మీదే నిలుస్తాయి. పొలాలవాళ్లు గట్టు వేసి సైడు కాలువ పూడ్చినా అంతే. కింద కంకర పొరలోకి నీళ్లు దిగి బయటికి పోకపోతే బండి బరువుకు మట్టి పైకి చిమ్ముతుంది. ముందు వల లాంటి సన్న పగుళ్లు కనబడతాయి, తర్వాత ముక్కలు లేస్తాయి, ఆ తర్వాత గుంత. రేగడి నేలలో ఇంకా తొందరగా.

మత్తడి దగ్గర 40 మీటర్లు: డాంబర్‌తో అక్కడ ఎన్నిసార్లు పూడ్చినా నిలవదు. పారే నీళ్లలో కంకరకూ డాంబర్‌కూ పట్టు వీడిపోతుంది. అక్కడ సీసీ పేవ్‌మెంటు, రెండంచులా నేలలోకి దిగే కటాఫ్ గోడలు, నీటి లెక్కను బట్టి కింద తూములు కావాలి. కటాఫ్ గోడ లేకపోతే నీళ్లు దిగువ అంచు కింద మట్టిని తొలిచి స్లాబును వేలాడదీస్తాయి. ఇది కాంట్రాక్టర్ నిర్వహణ కిందికి రాదు, కొత్త ఎస్టిమేట్ కావాలి. అందుకే దీన్ని విడి అర్జీగా ఇవ్వండి, లేకపోతే ఈ పెద్ద పని పేరు చెప్పి చిన్న గుంతలను కూడా ఆపుతారు. చెరువు నీటిపారుదల శాఖది కాబట్టి నకలు వాళ్ల ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కూడా.

గుంత పూడ్చేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది: చుట్టూ గట్టి డాంబర్ తగిలేదాకా అంచులు నిలువుగా, నలుపలకలుగా కోయాలి. దుమ్ము, బురద ఊడ్చాలి. అడుగుకూ పక్కలకూ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన పల్చని డాంబర్) పూయాలి. లోతు ఎక్కువుంటే రెండు పొరలుగా వేసి ఏ పొరకాపొర అణచాలి. అంచుల నుంచి నడిమికి రోలర్. 1.2 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు గుంతకు అణిగిన లెక్కన సుమారు 125 కిలోల మిక్స్ పడుతుంది. తట్టకు 20 కిలోలు వేసుకున్నా ఆరు తట్టలు. రెండు తట్టలు పోసి పారతో కొట్టి పోతుంటే అక్కడే ఆపండి.

---

అర్జీ_నకలు

కొలతలు లేకుండా అర్జీ ఇవ్వొద్దు. టేపు, సుద్దముక్క, ఫోన్ చాలు. మెయిన్ రోడ్డు అంచును సున్నాగా పెట్టుకుని ఒక్కో చెడిన చోటికి దూరం రాయండి. బండి మీటరు 100 మీటర్ల దాకే చూపిస్తుంది కాబట్టి పక్కన కరెంటు స్తంభం నంబరో, కల్వర్టో, బోరుమోటరో గుర్తు రాయండి. ఫొటోలో టేపు కనబడాలి, తేదీ, లొకేషన్ పడే కెమెరా యాప్ వాడండి. మిట్టమధ్యాహ్నం తీస్తే లోతు తెలియదు, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీస్తే గుంత నీడ పడుతుంది. వాన పడ్డ గంటకు ఇంకొక సెట్టు తీయండి, నీళ్లు ఎటు నిలుస్తున్నాయో అదే చెబుతుంది.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. ఇట్లా:

"డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్, పంచాయతీరాజ్ గారికి. విషయం: ఆర్ అండ్ బీ రోడ్డు నుంచి … వయా … రోడ్డు మరమ్మతు.
అయ్యా, పై రోడ్డులో ఈ కింది చోట్ల చెడింది.
1) 1.350 కి.మీ. నుంచి 1.900 కి.మీ. వరకు రెండు పక్కలా బర్మ్ 15 నుంచి 20 సెం.మీ. దిగింది, డాంబర్ అంచు 30 సెం.మీ. వరకు తెగింది.
2) 2.120 కి.మీ. దగ్గర, స్తంభం నంబరు … ఎదుట, గుంత 1.2 x 0.8 మీ., లోతు 6 సెం.మీ.
ఈ రోడ్డుపై ఆర్టీసీ బస్సు, బడి ఆటోలు నడుస్తున్నవి. బర్మ్ నింపి, గుంతలు పూడ్చి, చర్య వివరం రాతపూర్వకంగా తెలుపగోరుతున్నాము. జత: ఫొటోలు 8, గ్రామ పంచాయతీ తీర్మానం నకలు."

అంతే. "దయనీయ స్థితి", "ప్రజలు నరకయాతన" లాంటివి పేపరోళ్లకు వదిలేయండి. ఇంజినీరు ఎస్టిమేట్ రాసేటప్పుడు మీ అంకెలు పనికొస్తాయి, విశేషణాలు పనికిరావు.

పంచాయతీ తీర్మానం ఎందుకంటే, రోడ్డు పంచాయతీది కాకపోయినా మరమ్మతు కోరుతూ గ్రామసభ తీర్మానం చేసి పంపొచ్చు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి, పనుల స్థాయీ సంఘం కూడా ఉండాలి. కార్యదర్శికి ముందే రాసిస్తే ఎజెండాలో పెడతారు. నోటితో చెప్పింది తీర్మానాల పుస్తకానికి ఎక్కదు.

మీ నకలు మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. వేయకపోతే రసీదు వచ్చే స్పీడ్ పోస్టులో పంపండి. నెల దాటితే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఆ ఇన్‌వార్డ్ నంబరు రాసి ఇవ్వండి. నేరుగా ప్రజావాణికి పోతే అది తిరిగి అదే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) టేబుల్ మీదికి వస్తుంది, అప్పుడు లెక్క మొదటినుంచి.

గ్రామ సడక్ రోడ్డయితే మేరీ సడక్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. యాప్‌లో రోడ్డును సరిగ్గా ఎంచుకోండి, "వేరే పథకం రోడ్డు" అని మూసేయడానికి అదొక్కటే సాకు.

---

చెల్క_పత్తి (నర్సంపేట దిక్కు)

మస్తు వివరంగ చెప్పిన్రు. పోయి చూసిన. రాయి తల నారింజ రంగే. బోర్డు సగం మాసింది గని పొడవు 6.400, పూర్తయిన తేది 2022 మార్చి అని చదవొస్తున్నది. అంటే 2027 మార్చి దాకా కాంట్రాక్టర్‌దే కదా? కాని ఏఈ గారి మాట ఏందంటే, అంచులు తెగింది నాట్లప్పుడు ట్రాక్టర్లు బురదల దున్నెటందుకు బిగించే ఇనుప కేజీ వీల్స్‌తోని రోడ్డెక్కుడు వల్లనట, దానికి కాంట్రాక్టర్ బాధ్యుడు కాదట.

---

ఎంబీ_చైనేజీ

ఏఈ గారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కేజీ వీల్ ఇనుప పట్టీ డాంబర్ మీద నడిస్తే వరసగా అడ్డగీతలు పడతాయి, చక్రాల జాడలోనే ఉంటాయి. అంచు తెగడం వేరు, అది బర్మ్ దిగిన చోటే ఉంటుంది. మీ ఫొటోల్లో ఆ అడ్డగీతలు లేకపోతే, బర్మ్ దిగిన కొలత ఉంటే, ఆ వాదన నిలవదు. బర్మ్ నింపడం, సైడు కాలువ తీయడం, గుంతలు పూడ్చడం, కల్వర్టు తూము శుభ్రం చేయడం నిర్వహణ పనుల్లోవే. 2027 మార్చి దాటితే ఈ దారి మూసుకుపోతుంది, కాబట్టి తేదీ ఉన్న అర్జీ ఇప్పుడే పడాలి. నకలు ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు) కూడా పంపండి, నిర్వహణ బిల్లు ఆ ఆఫీసు దాటకుండా పాస్ కాదు.

---

కేజీవీల్స్_బంద్

కేజీ వీల్స్ సంగతి అర్జీతో తెగదు, ఊర్లనే తెంపాలె. గ్రామసభల తీర్మానం పెట్టి, జరిమానా ఎంతో రాసి, డప్పు చాటింపు వేయించుండ్రి. చక్రాలు ట్రాలీల వేసుకొని పొలం కాడ బిగించుకొనుడే పద్ధతి. బోల్టులు ఇప్పి బిగించే పనికి బద్ధకించి రోడ్డు మీదనే నడిపిస్తరు. కిరాయి ట్రాక్టర్లకు గంట లెక్క కాబట్టి వాళ్లే ఎక్కువ ఎగ్గొడతరు. పక్కూరి ట్రాక్టర్లకు కూడా తెలిసేటట్టు ఊరి మొదట్ల బోర్డు పెట్టాలె.

టిప్పర్లుంటే ఇంకో ముచ్చట. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు. మొరం టిప్పర్లు రోజూ తిరుగుతుంటే నంబర్ ప్లేటు, టైము కనబడేటట్టు ఫొటోలు తీసి తహసీల్దార్‌కు, రవాణా శాఖకు వేరే అర్జీ ఇవ్వుండ్రి. రోడ్డు అర్జీల కలపొద్దు.

---

అర్జీ_నకలు

మీ గల్లీ సీసీల సంగతి ఎవరూ రాయలేదు. అవి పంచాయతీవి కాబట్టి సమాచార హక్కు కింద అడగడం తేలిక. గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైస్థాయికి 10. ఇట్లా అడగండి: ఫలానా గల్లీ సీసీ పరిపాలనా అనుమతి, ఎస్టిమేట్, మెజర్‌మెంట్ బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) సంబంధిత పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, పని పూర్తయిన తేదీ, లోపాల బాధ్యత ఎప్పటిదాకా అన్న అగ్రిమెంటు పేజీ. అన్నీ ధ్రువీకరించిన నకళ్లు. "ఎందుకు పగిలింది?" అని అడగొద్దు, ప్రశ్నలకు జవాబివ్వాల్సిన పని వాళ్లకు లేదు, రికార్డులు ఇవ్వాలి. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండోది. పని తనిఖీ చేసే హక్కు, మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి, సెక్షన్ 2(జె).

ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ ఖర్చులు చూడొచ్చు. 2021-26 కాలానికి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టేసినవి, గల్లీ మరమ్మతు లాంటివి మిగతా 40 శాతంలోంచే. సర్పంచిని అడిగే ముందు ఆ లెక్క తెలిసి ఉంటే మాట వేరేగా ఉంటుంది.

---

మొరం_కంకర

మెజర్‌మెంట్ బుక్కు వచ్చాక చూడాల్సింది మందం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనమీటర్ల కాంక్రీటు. నిజానికి 10 సెంటీమీటర్లే పోస్తే 30. మిగతా 15 ఘనమీటర్లు కాగితం మీదే ఉన్నట్టు. పక్క మట్టి తీసి అంచు కొలిచి నిర్ధారణకు రావొద్దు, అంచున చెక్కలు కట్టి పూర్తి మందం పోసి నడుమ తగ్గించడం పాత పద్ధతి. నడిమి నుంచి కోర్ (పూర్తి మందం దాకా గుండ్రంగా కోసిన కాంక్రీటు నమూనా) తీయించమని అడగాలి.

అడ్డంగా పగిలింది అన్నారు. పగుళ్లు నేరుగా, ఇంచుమించు సమాన దూరంలో ఉంటే అది జాయింట్లు కోయకపోవడం వల్ల. సీసీని 4 మీటర్లకు మించకుండా అడ్డంగా కోయాలి, పోసిన మరునాటిలోపే, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు. కోయకపోతే కాంక్రీటు తనకు తోచిన చోట పగులుతుంది. అది బలానికి పెద్ద నష్టం కాదు, డాంబర్‌తో నింపి నీళ్లు దిగకుండా చేస్తే నడుస్తుంది. వంకరటింకరగా పగిలి ముక్కలు కుంగితే కింద మట్టి సరిగా అణచలేదని, దాన్ని పగలగొట్టి వేయాల్సిందే.

పైపు కాలువ కుంగినది మాత్రం సీసీ తప్పు కాదు. తవ్విన మట్టినే ఒకేసారి తోసి పైన కాంక్రీటు పోస్తే జరిగేది అదే. 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా నీళ్లు కొట్టి అణచాలి. పైపు వేసిన ఏజెన్సీయే రోడ్డు బాగు చేసి అప్పగించాలి కాబట్టి ఆ అర్జీ తాగునీటి విభాగం ఏఈకి ఇవ్వండి, నకలు పంచాయతీరాజ్ డీఈకి. పైపు లీకవుతోందేమో ముందు చూడమనండి. ఎండాకాలంలో కూడా అక్కడ తడి ఉంటే లీకే, అది మూయకుండా పైన ఏం పోసినా కుంగుతుంది.

---

చెల్క_పత్తి (నర్సంపేట దిక్కు)

గల్లీలల్ల పగుళ్లు సీదాగనే ఉన్నయి, ఏడెనిమిది గజాలకొకటి. నాలుగు అర్జీలు వేర్వేరుగ రాస్తున్న. ఆఖరి డౌటు: వానలల్ల డాంబర్ పని చెయ్యరు కదా, ఇప్పుడిస్తే లాభముందా?

---

ఎంబీ_చైనేజీ

ఇప్పుడే ఇవ్వాలి. తడి మీద డాంబర్ పట్టదు, వానల్లో హాట్ మిక్స్ ప్లాంట్లు కూడా ఎక్కువగా ఆగుతాయి, అది నిజమే. కానీ అర్జీలో రెండు భాగాలు అడగండి: ఇప్పటికిప్పుడు గుంతల్లో వెట్ మిక్స్ (నీళ్లు కలిపిన) కంకర నింపి అణచడం, వానలు వెనకబడ్డాక డాంబర్. మట్టితో నింపనివ్వొద్దు, బురదై గుంత పెద్దదవుతుంది. తూములు, సైడు కాలువలు తీయడానికి వాన అడ్డం కాదు, వానకు ముందూ మధ్యలోనే చేయాలి.

మత్తడి దగ్గర ఇంకో సంగతి. పెద్ద వాన పడి అక్కడ రోడ్డు తెగితే అదే రోజు ఫొటోలతో ఏఈకి, తహసీల్దార్‌కు పంపండి. 2023 జూలైలో ములుగు, భూపాలపల్లి వైపు వచ్చినట్టు వరద వస్తే, తెగిన రోడ్ల జాబితా ఆ కొద్ది రోజుల్లోనే మండలాల నుంచి పైకి పోతుంది, తాత్కాలిక మరమ్మతు, శాశ్వత పని రెండూ వరద నష్టం పద్దు కిందికి వస్తాయి. ఆ జాబితాలో చైనేజీతో (రోడ్డు మొదటి నుంచి ఎంత దూరమో ఆ అంకెతో) మీ 40 మీటర్లు లేకపోతే తర్వాత మామూలు ఎస్టిమేట్ వరసలో నిలబడాలి.